జెముడు తల, కోతి మీద నేరం

మార్కాపురం మునసబు కోర్టులో అమీనుగా ఉన్నంతకాలం ఊరివాళ్ల బిందెలూ గొడ్లూ జప్తు చేసి వచ్చి హాయిగా గురకపెట్టిన రామసుబ్బయ్యగారికి, పింఛను పుచ్చుకున్నాక ఒక కోతి వల్ల నిద్ర కరువైంది. ఆ కోతి ఏ పాపమూ ఎరుగదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆయన భార్య లక్ష్మీనరసమ్మ దోర్నాల బంగళా తోటలోంచి జానెడు జెముడు ముక్క తెచ్చి, ఇసుకా ఇటుక ముక్కలూ నింపిన కాగులో నాటింది. ఆకు లేదు, కొమ్మ లేదు. ఒళ్లంతా ముళ్లున్న పచ్చటి స్తంభం. వానకు మొదలు కుళ్లుతుందని దాన్ని నడవలో గవాచి కింద నిలిపింది. మట్టి మిద్దె కప్పులో వెలుతురు దిగడానికి పెట్టిన ఆ కన్నమే దానికి సూర్యుడు. ఎప్పుడో ఒక చెంబు నీళ్లు పోసేది. వెలుతురు వైపు వాలిపోకుండా అప్పుడప్పుడూ కాగు తిప్పేది. పిల్లలు లేని ఆ ఇంట్లో పెరిగేది అదొక్కటే. ఏళ్లు గడిచి, వానల్లేని ఒక ఎండాకాలంలో దాని తల గవాచి దాటి ఆకాశాన్ని చూసింది.

వాన వస్తే మిద్దె ఎక్కి గవాచి మీద బండ మూయడం రామసుబ్బయ్యగారి విధి. గొంతు పోయేలా పిలిస్తే గాని ఆయన కదిలేవారు కారు. ఒక సాయంత్రం ఆవిడ పేరంటానికి పోయినప్పుడు మబ్బు పట్టింది. ఆయనకు ఎన్నడూ లేని బాధ్యత పుట్టింది. ఎక్కి, చూసుకోకుండా బండ జరిపారు. పుటుక్కుమంది. మూరెడు తల నడవలో పడింది.

లక్ష్మీనరసమ్మ వచ్చి, చూసి కూలబడింది. "ఎవరు చేసినారండీ ఈ పని?"

"కోతి," అన్నారు అమీనుగారు. ప్రమాణం చేయించేవాళ్లు లేరు గనక ఆ సాక్ష్యం చెల్లిపోయింది.

ప్రతి శనివారం ఆంజనేయస్వామి పేర మిద్దె మీద కోతులకు గుగ్గిళ్లు పెట్టే ఇల్లాలు ఆ వారం మానేసింది. కోతులు పిట్టగోడ మీద బారుగా కూర్చుని రామసుబ్బయ్యగారినే చూశాయి. అంతటితో పోలేదు. అడవి నుంచి తేనె అమ్మవచ్చే భీమయ్య చేత ఆవిడ బోను పెట్టించింది. ఒకటి పడింది.

"ఇదేనా తల్లీ, నీ చెట్టు ఇరిచింది?"

"ఏదైతే ఏంది? అన్నీ ఒక జట్టే. అడవి అవతల ఇడిసిరా."

గోడ మీద దాని పిల్ల కీచుకీచుమంటోంది. రామసుబ్బయ్యగారు తింటున్న అన్నం వదిలి లేచారు. చెయ్యి కడుక్కుని వచ్చారు.

"కోతి కాదే. నేనే. బండ మూయబోయి ఇరగ్గొట్టినాను."

"పిలవకుండానే మిద్దె ఎక్కినారా? మీరు?"

"ఎక్కినాను."

ఆవిడ భీమయ్య వైపు తిరిగింది. "ఇన్నావా నాయనా! ఇల్లు కొట్టుకపోతాంటే కూడా లేవని మనిషి, తనంతట తాను ఎక్కినాడంట! నోరులేని జీవం కోసరం నింద నెత్తినేసుకుంటాండాడు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇడిసిపెట్టు దాన్ని."

"నిజం చెప్తాంటే నమ్మవేందే?"

"చాల్లెండి. మీ మనసు నాకు తెల్దా?"

బోను తెరిచారు. తల్లీ పిల్లా గోడ దాటిపోయాయి. ఆ పూట లక్ష్మీనరసమ్మ ఆయనకు పాయసం వండిపెట్టింది. ప్రతి గుక్కా దొంగసొత్తులా దిగింది.

మరుసటి వానాకాలానికి విరిగిన చోట రెండు మొలకలు లేచి గవాచిలోంచి తొంగిచూశాయి. ఇక బండ మూయడానికి లేదు. మబ్బు కనిపిస్తే చాలు, రామసుబ్బయ్యగారు గంప పట్టుకుని మిద్దె ఎక్కి, వాన వెలిసేదాకా గవాచి మీద అడ్డంపెట్టి నిలబడతారు. తడిసి దిగితే లక్ష్మీనరసమ్మ తల తుడుస్తూ, "ఎంత మారిపోయినారండీ!" అంటుంది.

ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కుంటారు.