పెద్ద బజారులో చావు దెబ్బ

తాత పోయాడు. మొన్న మంగళవారం పొద్దున మిల్లు కూత కూసిన కాసేపటికి గేటు దగ్గరికి కబురు వచ్చింది. కబురు తెచ్చినవాడు అంతటితో ఊరుకోలేదు. "ఏ దారిన తీసుకెళ్తారంట?" అని అడిగాడు.

మా పేటలో మనిషి పోతే ఎవరూ అడగని ప్రశ్న అది. మా శవాలకు ఒకటే దారి. కాలవ గట్టు వెనక, ముళ్ళకంపల మధ్య, పందులు తిరిగే దారి. పెద్ద బజారు మీదుగా మా పేట శవం ఏనాడూ పోలేదు. అయినా తాత విషయంలో ఆ ప్రశ్న వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాను. పకోడీల పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

తాత నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడ. మీలో చాలామందికి ఆయన ముఖం తెలియదు, గొంతు మాత్రం తెలుసు. పన్ను కట్టమనీ, కాలవకు నీళ్ళు కట్టేస్తున్నారనీ, మశూచి టీకాలు వేస్తారనీ ఈ ఏలూరులో చాటింపు వేసింది ఆయనే. డప్పు కొట్టి, మాట చెప్పి, మళ్ళీ డప్పు కొట్టి, పక్క వీధికి పోయేవాడు. చుట్ట చెవి మీద ఉండేది. సర్కారు మాట చెప్పేటప్పుడు మాత్రం నోట్లో పెట్టేవాడు కాదు.

పుట్టింది కొల్లేటి లంకలో. డప్పు నేర్చిందీ అక్కడే. "నీళ్ళ మీద దెబ్బ దూరం పోద్దిరా. ఒకటి కొట్టి, అది అవతలి ఒడ్డుకి చేరిందాకా ఆగాలి. తొందరపడితే ఒకదాని మీద ఒకటి పడి రెండూ చస్తాయి" అనేవాడు. అందుకే ఆయన డప్పు నిదానం. వాయించే ముందు గడ్డి మంట వేసి, తోలు బిగిసేదాకా కాచేవాడు. కాచాక డప్పును చెంపకు ఆనించి చూసుకునేవాడు. జ్వరం వచ్చిన బిడ్డ ఒంటిమీద తల్లి చెయ్యేసి చూడదూ, అలాగ.

ఆదివారం ఏసు గుడికి వచ్చేవాడు. డప్పు తలుపు బయట బోర్లించి లోపలికి వెళ్ళేవాడు. అయ్యగారికి అది గిట్టేది కాదు.

"ఇంకా ఆ తోలు ముట్టడం మానవేమయ్యా? ప్రభువును నమ్ముకున్నవాడివి."

"మానేస్తానండి అయ్యగారూ. తమరు గంట మానేసిన రోజున."

అయ్యగారు కోప్పడబోయి నవ్వేశారు.

ఏ పనికి ఏ దెబ్బో ఊళ్ళో అందరికీ తెలుసు. పెళ్ళి దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. కళ్ళు మూసుకుని విన్నా చెప్పగలరు. చావు దెబ్బ వినపడితే అరుగు మీద కూర్చున్నవాడు లేస్తాడు, తలపాగా తీస్తాడు. శవం ఎవరి వాకిలి దాటితే ఆ ఇంటి ఆడమనిషి చెంబుతో నీళ్ళు పోస్తుంది. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక మా అన్న సంగతి. కొన్నేళ్ళ కిందటి మాట. పనిలోంచి తీసేసిన వాళ్ళను మళ్ళీ తీసుకోమని అడగడానికి మిల్లు గేటు ముందు నిలబడ్డ వాళ్ళలో మా అన్న ఒకడు. రాయి విసరలేదు. విసిరినా బాగుండేదని నాకనిపిస్తుంది, అది వేరే మాట. పోలీసులు కాల్చారు. అన్న గేటు దగ్గరే పోయాడు. లారీలో వేసుకుని పోయి తమ్మిలేటి ఇసకలో పూడ్చేశారు. మా అమ్మకు కొడుకు ముఖం చూపించలేదు. పాడె లేదు, ప్రార్థన లేదు, నలుగురి భుజాలు లేవు.

మర్నాటి నుంచి రోజూ కూలీలం పెద్ద బజారు మీదుగా కలెక్టరు కచేరీకి నడిచాం. "శవాన్ని ఇవ్వండి" అన్నదొక్కటే మా కేక. ఊరు మమ్మల్ని ఎలా చూసిందో నాకు బాగా గుర్తుంది. మేం వస్తుంటే కొట్ల తలుపులు మూసుకునేవి. తివాచీలు నేసే వీధిలో మాత్రం ఆడవాళ్ళు కుండలతో నీళ్ళు తెచ్చి పెట్టారు. కాఫీ హోటలు బల్లల దగ్గర మాటలు రోడ్డు మీదికి వినపడేవి.

"ఊరికే కాలుస్తారేంటండీ? వీళ్ళేదో చేసే ఉంటారు."

"చేశారో లేదో దేవుడికెరుక. మా బేరాలు మట్టి కొట్టుకుపోయాయి కదండీ!"

ఖద్దరు కట్టిన పెద్దమనిషి ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, "ఆవేశపడకు నాయనా, ఇది సమయం కాదు" అన్నాడు. మా అన్నను కాల్చడానికి మాత్రం సమయం దొరికిందాండీ అని అడిగాను. ఆయన చెయ్యి తీసేశాడు.

అప్పుడు ఆర్డరు వచ్చింది. అయిదుగురు కలిసి నిలబడకూడదు, ఊరేగింపు తీయకూడదు, తీస్తే మళ్ళీ కాలుస్తారు. ఆ మాట ఊరంతా చాటమని ఇనస్పెక్టరు తాతను పిలిపించాడు.

తాత వాకిట్లో గడ్డి మంట వేస్తుంటే పేటంతా చుట్టూ చేరింది.

"ఏం తాతా, పక్కింటి బిడ్డని చంపినోళ్ళకే డప్పు కొడతావా?"

"పోనీలేరా, ఇనస్పెక్టరు గారు కొత్త పంచె పెడతాడేమో!"

తాత తలెత్తలేదు. "నవ్వుకోండిరా, నవ్వుకోండి. ఆ గడ్డి ఇంకాస్త ఇలా తొయ్యండి. ఇయ్యాళ బాగా కాగాలి" అన్నాడు. డప్పు చెంపకు ఆనించి చూసుకున్నాడు. తర్వాత మా గుమ్మం ముందుకొచ్చి మా అమ్మను పిలిచాడు.

"అమ్మాయ్, మీ పెద్దోడి తువ్వాలుందా? ఇలా ఇయ్యి."

అమ్మ ఎందుకని అడగకుండా ఇచ్చింది. దాన్ని మడిచి కుడి భుజం మీద వేసుకున్నాడు. పాడె మోసేవాడు వేసుకున్నట్టు. "నువ్వూ రా. నా ఎనకాలే ఒక్కదానివే నడు. ఒక్క మనిషి గుంపు కాదుగా" అన్నాడు.

పేటలో డప్పు ముట్టలేదు. గట్టు మీద ముట్టలేదు. పెద్ద బజారు మొదట్లో నిలబడి అప్పుడు మొదలెట్టాడు. చావు దెబ్బ.

ఒక దెబ్బ కొట్టి, అది బజారు అవతలి చివరకు చేరిందాకా ఆగి, మళ్ళీ ఒకటి. మధ్యలో ఆగి ఆర్డరు చెప్పాడు. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా..." ఒక్క మాట తప్పలేదు, ఒక్క మాట మింగలేదు. మళ్ళీ చావు దెబ్బ. వెనకాల మా అమ్మ ఒక్కతే. మేమంతా సందుల్లో నిలబడి చూస్తున్నాం.

ముందు ఒక కంసాలి అరుగు మీంచి లేచాడు. లేచాక ఎందుకు లేచాడో తెలిసినట్టుంది, తల మీది గుడ్డ తీశాడు. కాఫీ హోటల్లో "ఏదో చేసే ఉంటారు" అన్న మనిషి గ్లాసు బల్ల మీద పెట్టి గుమ్మంలోకొచ్చాడు. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరి గుమ్మంలో వాళ్ళు, ఎవరి అరుగు దగ్గర వాళ్ళు. అయిదుగురు ఒకచోట లేరు, కానీ ఊరంతా నిలబడి ఉంది. బట్టల షావుకారు గారి తల్లి, నడుం వంగిన ముసలావిడ, మా అమ్మ దాటిపోయాక చెంబుతో వచ్చి వాకిట్లో నీళ్ళు పోసింది.

"ఏంటమ్మా ఇది? శవం ఏదీ?" అన్నాడు షావుకారు.

"కళ్ళు లేవట్రా నీకు? తల్లి నడుస్తోంది కదా" అందావిడ.

మా పేట శవాన్ని ఏనాడూ రానివ్వని బజారులో మా అన్న ఆ రోజు అలా ఊరేగాడు. ఇనస్పెక్టరు మన ప్రాంతం వాడు కాదు. గుర్రం మీద ఎదురొచ్చి, జనమంతా గుమ్మాల్లో బుద్ధిగా నిలబడి ఆర్డరు వింటున్నారనుకుని, "భేష్" అని తలాడించి పోయాడు. తాత పక్కన కాపలాగా నడిచిన కానిస్టేబులు నల్లజర్ల వైపు మనిషి. వాడికి మొదటి దెబ్బకే తెలిసింది. తల దించుకుని బజారు చివరిదాకా నడిచాడు తప్ప నోరు విప్పలేదు. తర్వాత వాణ్ణి తాడేపల్లిగూడెం బదిలీ చేశారు.

మర్నాడు ఎవరో పుణ్యాత్ముడు ఇనస్పెక్టరుకు విడమరిచి చెప్పాడు. తాతను ఠాణాకు లాక్కుపోయారు. అక్కడ జరిగింది తాతే నవ్వుతూ చెప్పేవాడు.

"ఏం వాయించావురా నిన్న?"

"డప్పండి."

"ఆర్డరుకు చావు దెబ్బ కొడతావా?"

"ఏ దెబ్బ కొట్టాలో కాయితంలో రాయలేదండి. మాట తమరిది, తప్పు లేకుండా చెప్పాను. దెబ్బ ఎప్పుడూ నాదేనండి."

వీపు మీద వాతలు ఎన్నాళ్ళున్నాయో ఆయన చెప్పలేదు, నేను చూశాను. డప్పును ఆయన కళ్ళముందే కత్తితో చీల్చారు. చాటింపు పని తీసేశారు. ఆ తర్వాత కాలవలో కొల్లేటి పడవలొస్తే చేపల గంపలు దించి బతికాడు. చీల్చిన డప్పు గోడ మీద ఉండేది. కొన్నాళ్ళకు కోడి అందులో గుడ్లు పెట్టడం మొదలెట్టింది.

"కొత్త తోలు వేయించుకోరాదా తాతా?" అని అడిగాను.

"ఎందుకురా? ఆఖరి దెబ్బ బాగా పడింది. దాని మీద ఇంకోటి కొట్టి పాడుచేసుకోవడం దేనికి?"

ఆయన మంచివాడనీ మహాత్ముడనీ నేను చెప్పబోవడం లేదు. కల్లు తాగేవాడు. తాగితే కోడలితో పోట్లాడేవాడు. కానీ మేమంతా గొంతులు చించుకుని కదపలేని ఊరిని, మా తరఫున ఒక్క కేకైనా వేయకుండా నిలబెట్టాడు. కోపం ఒక్కటే చాలదని నాకు చూపించినవాడు ఆయన. కోపం నాకింకా ఉంది. అది ఎక్కడికీ పోదు.

మంగళవారం మధ్యాహ్నం పేటలో అదే తగువు. గట్టు దారా, బజారు దారా?

"వద్దురా. పోయినోడు పోయాడు, ఉన్నోళ్ళం బతకాలి. మళ్ళీ తుపాకులొస్తే?" అన్నాడు పేట పెద్ద.

"వస్తే రానీ" అన్నాను. గొడవ పెరిగింది. పాడె అక్కడే ఉంది, ఎండ మండిపోతోంది.

మా అమ్మ లోపలికి వెళ్ళి అన్న తువ్వాలు తెచ్చింది. తాత ఆనాడే తిరిగిచ్చిన తువ్వాలు. దాన్ని తాత గుండెల మీద పరిచింది.

"నా బిడ్డని ఏ దారిన తీసుకెళ్ళాడో ఆయన్నీ ఆ దారినే తీసుకెళ్ళండి. రానోళ్ళు రావద్దు. నేను ముందు నడుస్తాను" అంది.

పేట పెద్దే వచ్చి మొదటి భుజం పట్టాడు.

డప్పు లేదు. మా పేటలో ఇప్పుడు వాయించేవాడే లేడు. బజారు మొదట్లో ఇద్దరు పోలీసులున్నారు. మా అమ్మను చూశారు, పాడెను చూశారు, పక్కకు జరిగారు. అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా కళ్ళు తలుపుల మీదే ఉన్నాయి. మూస్తారా, రాళ్ళేస్తారా, కర్రలు తెస్తారా?

ముందు కంసాలి లేచాడు. షావుకారు గారి తల్లి ఇప్పుడు లేదు. ఆవిడ కోడలు వచ్చింది, చేతిలో చెంబు. పాడె దాటిపోగానే వాకిట్లో నీళ్ళు పోసింది. ఆ పక్కింటావిడ పోసింది. ఎదురింటావిడ పోసింది. మైల కడుక్కోవడానికే పోశారని కొందరంటున్నారు. అననివ్వండి. మా శవం వల్ల మైల పట్టిందంటే, ముందు అది మనిషి శవమని ఒప్పుకున్నట్టే కదా.

బజారు చివర భుజం మార్చుకోవడానికి ఆగాం. వెనక్కి తిరిగి చూశాను. చుక్క వాన లేని వేసవి ఎండలో, పెద్ద బజారు ఈ చివర నుంచి ఆ చివరిదాకా గుమ్మం గుమ్మానా తడిసి ఉంది. ఆ నీళ్ళు అరుగుల కింది నుంచి మెల్లగా దారి మధ్యకు, మేం నడిచి వచ్చిన దుమ్ములోకి వస్తున్నాయి.