మీటరు మీద 142857

ఈ రోజు మా చెల్లెల్ని తీసుకురావడానికి క్యాబ్‌లో ఎయిర్‌పోర్టుకు బయల్దేరాను. కొత్వాల్‌గూడ దాటాక డ్రైవర్ నర్సింలు బండి పక్కకు తీసి ఆపేశాడు. కిలోమీటర్ల మీటరు చూపించాడు: 142857.

"కూడితె ఇరవై ఏడు మేడం, మల్ల కూడితె తొమ్మిది. లక్కీ నంబరు. జర ఫొటో తీస్కుంట."

నేను లెక్కల టీచర్ని. ఈ లక్కీ నంబర్లంటే నాకు ఒళ్లు మంట. కానీ ఈ నంబరు సంగతి వేరు. "రెండుతో గుణించి చూడు," అన్నాను. ఫోనులో కొట్టాడు: 285714. మూడుతో కొడితే 428571.

"అరె, గవే అంకెలు! సీట్లు మారి కూసున్నయంతే!"

ఆరు దాకా అదే వరస. ఏడుతో గుణిస్తే మాత్రం వరసగా ఆరు తొమ్మిదులు.

"గిట్లెందుకైతది మేడం?"

నా క్లాసులో పిల్లలు అడిగేది ఒకటే, "ఇది పరీక్షలో వస్తుందా?" అని. సంతోషం పట్టలేక ఒకటిని ఏడుతో భాగించమన్నాను. దశాంశ బిందువు తర్వాత మళ్లీ అవే ఆరంకెలు! ఇంతలో చెల్లెలి ఫోను: "ఎక్కడున్నావక్కా?"

"భాగహారంలో," అన్నాను. పెట్టేసింది.

బండి కదిలింది. మీటరు 142858కి మారింది. "ఇది మామూలు నంబరేలే," అన్నాను.

"గట్లనకుండ్రి మేడం. గుణించి సూడాలె," అన్నాడు నర్సింలు.

చూస్తున్నాను. మీకేమైనా దొరికితే చెప్పండి.