కప్పుల గదిలో ఐదుగురు

మండపేట పక్కన మా ఊళ్ళో బాల్ బ్యాడ్మింటన్ జట్టుకి ఒక గది ఉంది. పాత రైస్ మిల్లు వెనకాల ఒకప్పుడు తవుడు బస్తాలు వేసుకున్న గది అది. మిల్లు ఆసామికి ఆట పిచ్చి. మావాళ్ళు గెలుచుకొచ్చిన కప్పులన్నీ ఇళ్ళల్లో అటకలెక్కి మసిబారుతుంటే చూడలేక, బస్తాలు తీయించి ఆ గది జట్టుకి ఇచ్చేశాడు. అప్పటినుంచీ ఊరందరికీ అది కప్పుల గది. ఈమధ్య కమిటీలో చేరిన కుర్రాళ్ళు రంగులేయించి, గాజు బీరువాలు పెట్టించి, గుమ్మం మీద మ్యూజియం అని బోర్డు కట్టారు. బోర్డు కట్టారు గాని తవుడు వాసన మాత్రం పోలేదు. వాన పడితే ఆ గోడలు ఇప్పటికీ చెమ్మగిల్లుతాయి.

లోపల చెక్క బ్యాట్లున్నాయి. వాటి పేగు తీగలు ఎప్పుడో తెగిపోయాయి. పురుగు కొట్టిన పసుప్పచ్చ ఉన్ని బంతులున్నాయి. షీల్డులున్నాయి, వాటి మీద అక్షరాలు చదవాలంటే చింతపండు పెట్టి తోమాలి. అన్నిటికన్నా ముఖ్యం గోడ మీది ఫోటోలు. ఆ గోడ ఎక్కాలంటే ముందు ఆట రావాలి, తర్వాత మనిషి పోవాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. మన ఇళ్ళల్లో గోడకి ఫోటో కట్టి దండ వేశామంటే దానికి ఒకటే అర్థం కదా. మొదట్లో పెట్టిన ఫోటోలన్నీ పోయినవాళ్ళవి కావడంతో ఆ గోడ పోయినవాళ్ళ గోడే అయి కూర్చుంది.

ఒక్కసారే ఈ పద్ధతి తప్పారు. పాత మేనేజరుగారికి సన్మానం చేసి, ఆయన బతికుండగానే ఫోటో పెట్టారు. ఆ వానాకాలం దాటలేదాయన. ఎనభై దాటిన మనిషి, ఒంటినిండా షుగరు. ఫోటో పెట్టినా పెట్టకపోయినా పోయేవారే. ఈ మాట నేను పైకి అంటే మా వదిన నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఏనాడూ అంత మంచిది కాదు.

నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా అన్నయ్య ఊళ్ళోనే ఉండి ఉన్న పొలం చేసుకున్నాడు. కుర్రతనంలో జట్టుకి బ్యాక్ ఆడేవాడు. ఐదుగురి జట్టులో బ్యాక్ అంటే వెనకాల గీత దగ్గర నిలబడి, ముందువాళ్ళు వదిలేసినదల్లా తీసేవాడు. ఎవరూ చప్పట్లు కొట్టరు గాని వదిలేస్తే మాత్రం అందరూ తిడతారు. అన్నయ్య స్వభావం కూడా అలాంటిదే. ఇంట్లో ఎవరు వదిలేసిన పనైనా చివరికి ఆయన చేతికే వచ్చేది.

ఆ ఐదుగురూ కలిసి పెద్ద పోటీలో షీల్డు గెలిచారు. ఇంటికి వస్తూ దారిలో రామచంద్రపురంలో స్టూడియోకి వెళ్ళి ఫోటో తీయించుకున్నారు. దుమ్ము కాళ్ళతో, చెప్పుల్లేకుండా, బ్యాట్లు గుండెకి ఆనించుకుని నిలబడ్డారు. చివర నిలబడినవాడు అన్నయ్య. ఊళ్ళో ఆ జట్టుని మించిన జట్టు మళ్ళీ రాలేదు. ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. స్టూడియో ఎప్పుడో మూతపడింది, నెగటివ్ ఏమైందో ఎవరికీ తెలియదు.

ఒకరి తర్వాత ఒకరు నలుగురూ పోయారు. అన్నయ్య మిగిలాడు. దాంతో ఆ ఫోటోకి గోడ మీద చోటు లేకుండా పోయింది. చిన్నచిన్న పందేలు ఆడినవాళ్ళు కూడా గోడెక్కి దండలు వేయించుకుంటుంటే, షీల్డు తెచ్చిన ఐదుగురూ పాత దినపత్రికలో చుట్టుకుని కమిటీ బీరువాలో పడుకున్నారు. కారణం మా అన్నయ్య బతికి ఉండడం.

ఇంతలో అన్నయ్యకి గుండె జబ్బు ముదిరింది. ఆపరేషన్ తట్టుకోలేడని, మందులతో ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళని రాజమండ్రి డాక్టర్లు చెప్పేశారు. ఆ సంగతి మా దగ్గర దాచకుండా ఆయనే ముందు చెప్పాడు. అప్పుడే గదికి రంగులేస్తున్నారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచం మీద పక్కకి తిరిగి, వదిన వంటింట్లో ఉందని చూసుకుని అడిగాడు.

"ఆ గోడ మీద మా ఐదుగుర్నీ ఒక్కసారి చూసుకోవాలనుందే చెల్లాయ్. పోయాక పెడితే నేనేం చూస్తాను? మీ వదినకి నువ్వు చెప్పు."

"నా మాట వింటుందా? నీ మాటే వినదు."

"నువ్వు పోట్లాడితే వింటుందేమో."

పోట్లాడాను. వదిన సరాసరి అన్నయ్య దగ్గరికి వచ్చి నిలబడింది. "మీరేది అడిగినా చేస్తానండి. ఇదొక్కటీ అడక్కండి" అంది. అన్నయ్య మళ్ళీ అడగలేదు. ఆయనకి ఒక కోరిక ఉందని తెలియడమే నాకు అప్పుడు కొత్త. జీవితమంతా ఏమీ అడగనివాడు చివరికి అడిగింది ఇదీ, అదీ కుదరదు.

కొన్నాళ్ళకి మాస్టారి భార్య వచ్చింది. ఆ జట్టులో సెంటర్ ఆడినాయన మాస్టారు. లూథరన్ చర్చిలో పాటలు కూడా ఆయనే పాడించేవారు. ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, కాఫీ అందుకుని చాలాసేపు ఆరోగ్యం గురించే మాట్లాడింది.

"గది ప్రారంభం చేస్తున్నారంట కదమ్మా" అంది చివరికి వదినతో. "మా మాస్టారి ఫోటో కూడా పెడతారేమోనని అడుగుదామని వచ్చానండి. బ్యాటు పట్టుకున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. నాకేమో కళ్ళు బొత్తిగా ఆనడం లేదు. ఇంకొన్నాళ్ళు పోతే పెట్టినా నేను చూడలేనండి."

వదిన కాస్త ఆగండి అనాలి. ఆగండి అంటే దేనికోసం ఆగమన్నట్టు? ఆవిడకి కూడా ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. గ్లాసు కింద పెట్టేసింది.

"నా ఉద్దేశం అది కాదమ్మా. దేవుడి సాక్షిగా అది కాదు. అన్నయ్యగారు వందేళ్ళు ఉండాలి. మాకు ఆ దండల పట్టింపు లేదు కదా, అందుకని ఆలోచించకుండా అనేశాను."

"ఫర్వాలేదండి అక్కగారూ" అంది వదిన. అన్నయ్య గదిలోంచి అంతా విన్నాడు. ఆవిడ వెళ్ళాక, "నేను పోయేదాకా ఆ నలుగురూ బీరువాలో ఉండాలా? ఎప్పుడూ బంతి వదల్లేదు గాని ఇప్పుడు నా వల్ల జట్టంతా ఆగిపోయింది" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట మందులు వేసుకోవడానికి కూడా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే వదిన కమిటీ కుర్రాణ్ణి పిలిపించి ఫోటో ఇంటికి తెప్పించింది. ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, ఫోటోని పీట మీద పరిచింది. తెల్ల కాగితానికి పసుపు రాసి ఆరబెట్టి, బొట్టుబిళ్ళంత కాదు, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దగా గుండ్రంగా కత్తిరించింది. గిన్నెలోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి వేలితో మెదపడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని అడిగాను.

"ఆయన మొహం కనపడకపోతే ఆయన గోడెక్కినట్టు కాదు కదా అమ్మాయ్. మిగతా నలుగురూ ఎక్కుతారు."

ఇంత చాదస్తం భూప్రపంచంలో ఉంటుందా అనిపించింది. "పోనీ అద్దం మీద అంటించు వదినా" అన్నాను.

"పైన అంటిస్తే ఏ పిల్లాడో గోకేస్తాడు. అయినా కింద మొహం ఉంటూనే ఉంటుంది కదా."

"గమ్ము ఉంది కదా, మెతుకులెందుకు?"

"గమ్ముతో అంటిస్తే మళ్ళీ రాదు. మెతుకులైతే తడి చేస్తే ఊడొస్తాయి. రేపు తీయాల్సినప్పుడు..." అని ఆగిపోయింది. తీయాల్సిన రోజు ఏదో ఇద్దరికీ తెలుసు. తలొంచుకుని కాగితం అంటించింది. అంచుల్ని చీరకొంగుతో ఒత్తింది.

గది ప్రారంభం రోజున అన్నయ్యని కారులో తీసుకెళ్ళి, కుర్చీతో సహా ఎత్తి లోపల కూర్చోబెట్టారు. ఐదుగురి ఫోటో గోడ మధ్యలో ఉంది. దండ పొడుగ్గా తెచ్చారు గాని, వదిన దగ్గరుండి నలుగురి మీదికే వచ్చేలా ఒక పక్కకి కట్టించింది. మాస్టారి భార్య అద్దానికి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి, ఎక్కడున్నారు ఎక్కడున్నారు అని అడిగి, మనవరాలు చూపించిన చోట వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఊరివాళ్ళు ఫోటోతో సెల్ఫీలు దిగారు.

అన్నయ్య చాలాసేపు చూశాడు. నాలుగు మొహాలు, ఐదో చోట పసుపు చుక్క. "పెళ్ళికొడుకుని చేసి మొహం మర్చిపోయినట్టుందే" అని నాతో వేళాకోళమాడాడు. తర్వాత వదినని దగ్గరికి పిలిచాడు.

"ఒక్క నిమిషం తీయించవా? చూసుకుంటాను. మళ్ళీ అంటించేద్దాం."

వదిన గొంతు పెంచలేదు. "మీ మొహం నాకు కావాలండి. గోడకి ఇవ్వను" అంది.

అన్నయ్య ఆమె వంక చూసి తలూపాడు. "సరేలే. కాళ్ళు నావే కదా" అన్నాడు. నాకు వదిన మీద ఎంత కోపం వచ్చిందో అంత ఏడుపూ వచ్చింది. భర్త కోరికని కాదంటున్నందుకు తిట్టాలో, భర్తని అంతగా పట్టుకుని వేలాడుతున్నందుకు కావలించుకోవాలో తెలియక బయటికి వెళ్ళి నిలబడ్డాను.

ఆ వానాకాలం అన్నయ్య దాటాడు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు. వదినకి మాత్రం ఆశ్చర్యం లేదు. కాగితం పెట్టడం వల్లే ఉన్నాడని నాతో రెండు మూడుసార్లు అంది. కార్తీకంలో ఒక మధ్యాహ్నం, మజ్జిగ తాగి వదినకి గ్లాసు ఇస్తూ వెనక్కి వాలిపోయాడు. ఆమె చేతిలో గ్లాసు, ఆయన చేతిలో ఏమీ లేదు. అంతే.

దినాలు అయ్యాక కమిటీవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అడగలేక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, "నాకు తెలుసు బాబూ. నేనే వచ్చి తీస్తాను" అంది వదిన. నేనూ వెళ్ళాను. ఫోటో దింపి, వెనక చెక్క తీసి బల్ల మీద పెట్టారు. వానలకి గోడ చెమ్మ ఫ్రేము లోపలికి దిగింది. ఫోటో అంచులు అలలు తేలి ఉన్నాయి. వదిన తడిగుడ్డతో కాగితాన్ని అద్దింది. ఆగి, మళ్ళీ అద్దింది. గోటితో అంచు లేపి మెల్లగా లాగింది. కాగితం వచ్చింది. దాంతోపాటు మొహం కూడా ఊడి వచ్చేసింది.

ఫోటోలో అన్నయ్య మెడ పైన తెల్లటి మచ్చ మిగిలింది. వదిన చేతిలోని కాగితాన్ని తిప్పి చూసింది. లోపలి వైపు బూడిదరంగులో ఏదో ఉంది. కన్నో, చెంపో తెలియడం లేదు. ఆమె ఏడవలేదు. "పోకుండా దాద్దామనుకున్నానండి" అంది, ఎవరితోనో.

అందరూ ఫోన్లు తీశారు. ప్రారంభం నాటి ఫోటోలు ఎన్నో ఉన్నాయి. అన్నిట్లోనూ పసుపు చుక్కే. అంతకుముందు ఆ ఫోటోని ఎవరూ ఫోన్లో తీసుకోలేదు. బీరువాలో ఉన్నదాన్ని తీయాలని ఎవరికి తోస్తుంది? కమిటీ కుర్రాడు ధైర్యం చెప్పాడు. పెళ్ళి ఫోటో ఇస్తే కంప్యూటర్లో మొహం పెట్టించేస్తానండి, కొత్తదానిలా ఉంటుంది అన్నాడు. అన్నట్టే వారం తిరిగేసరికి పెద్ద ప్రింటు తెచ్చి బల్ల మీద పరిచాడు. నున్నటి చెంపలు, దువ్విన జుట్టు, చెమట లేదు, దుమ్ము లేదు. వదిన కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఎవరు బాబూ ఈయన?" అంది.

కుర్రాడు నా వంక చూశాడు. వదిన ఆ ప్రింటుని చుట్ట చుట్టి, నొప్పించకుండా, అతని చేతికే ఇచ్చింది. కొంగుముడి విప్పి పసుపు కాగితం తీసింది. పాత ఫోటోని దగ్గరికి జరుపుకుని, కాగితాన్ని తెల్లమచ్చ మీద పెట్టి, ఇటూ అటూ సర్దింది.

"పాతదే పెట్టండి బాబూ. దండ ఆయన మీదికి రానివ్వకండి. ఈ గదిలో మొహం మూసి ఉందంటే మనిషి ఉన్నట్టే కదా."

ఆమె నమ్మకంలో సగమైనా నాకుంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను. లేదు. మా అన్నయ్య చనిపోయాడు, అది నాకు తెలుసు. వదిన చెయ్యి చాపింది. నేను మెతుకులు మెదిపి ఆమె వేలికి అందించాను.