దొరసానమ్మ గారు మా ఊళ్ళో ఉన్న ఏడాది

మా చిన్నప్పుడు... తెల్లవారకముందే మిషన్ బంగళాలో మా అమ్మ పొయ్యి రాజేసేది. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో, కాలవ గట్టు మీద ఉండేది ఆ బంగళా. పెద్ద గుండిగలో నీళ్ళు మరగబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, కూజాల్లో పోసేది. ఆ నీళ్ళు దొరసానమ్మ గారికి. సంఘం పని మీద విదేశం నుంచి వచ్చిన ఆవిడను ఊరంతా అలాగే పిలిచేది. తొంభైల నాటి మాట...

మా ఎండలకు అలవాటుపడ్డ ఒళ్ళు కాదు ఆవిడది. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, వరండాలో పిల్లలందరినీ కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పేది. మధ్యాహ్నం కరెంటు పోతే తాటాకు విసనకర్రే గతి. సాయంత్రం దోమతెర దించడం నా పని. అంచులు పరుపు కింద సరిగ్గా దోపకపోతే మళ్ళీ దోపించేది. పెరుగన్నం చెంచాతో తినేది... ఆవకాయ మాత్రం వేలితో నాకేది.

అందరినీ 'అండీ' అనాలని ఆవిడకు మా అయ్యగారు చెప్పారట. అయ్యగారంటే మా పాస్టరు గారు. ఇంకేం, దారిలో గేదె అడ్డొచ్చినా "దయచేసి జరగండి" అనేది.

"దానికంత మర్యాద ఎందుకమ్మగారూ! హెయ్ అంటే చాలు," అనేది అమ్మ నవ్వాపుకోలేక.

"హెయ్ అండీ," అనేది ఆవిడ గేదెతో.

వానాకాలంలో ఆవిడకు టైఫాయిడ్ వచ్చింది. బెజవాడ ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక, అమ్మ మా ఇల్లు వదిలేసి ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుంది. జావ కాచి పట్టింది, నుదుటి మీద తడిగుడ్డలు వేసింది, చిక్కుపడ్డ జుట్టు దువ్వింది. అన్నాళ్ళూ మాకు నాన్నే వండిపెట్టాడు... ముద్దయిపోయిన అన్నం.

లేచి తిరగడం మొదలెట్టాక ఆవిడ అమ్మను 'అక్కా' అని పిలవసాగింది. ఒకరోజు నా తల నిమిరి, "ఏసోబు మన కొడుకు అండీ, అక్కా," అంది. అమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంది. వచ్చే జూన్‌లో నన్ను బెజవాడలో ఇంగ్లీషు మీడియం హాస్టల్లో వేయిస్తానని కూడా ఆవిడ చెప్పింది. ఇక మా ఇంట్లో ఎప్పుడూ ఆ మాటే...

ఓ ఆదివారం వాళ్ళ దేశం నుంచి సంఘం పెద్దలు వచ్చారు. అమ్మ నాకు క్రిస్మస్ చొక్కా వేసింది. దొరసానమ్మ గారు గుడి మెట్ల దగ్గర చూసి, "ఇది వద్దు, రోజూ వేసుకునేది వేసుకుని రండి," అంది. ఎందుకని అడగలేదు. మార్చుకుని వచ్చాను.

గుడి నిండిపోయింది. ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద, మగవాళ్ళు ఇంకోవైపు. పాటలకు డోలక్కు మా నాన్నే. ఎవరు ఇంగ్లీషులో మాట్లాడినా అయ్యగారు పక్కన నిలబడి మాట వెంట మాట తెలుగులో చెప్పేవారు. వాళ్ళు చెయ్యెత్తితే తానూ ఎత్తేవారు, వాళ్ళ గొంతు వణికితే తానూ వణికించేవారు. ఆ ఊపులో పడితే ఆయనకు ఆగడం తెలియదు.

దొరసానమ్మ గారు నన్ను వేదిక ఎక్కించి, నా భుజం మీద చెయ్యివేసి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఈ బిడ్డ పేరు ఏసోబు!" అన్నారు అయ్యగారు.

"స్తోత్రం!" అన్నారు జనం.

"ఈ బిడ్డకు తల్లి లేదు... తండ్రి లేడు!"

"స్తోత్రం!" అలవాటుకొద్దీ సగంమంది అనేశారు కూడా. అప్పుడుగాని ఎవరికీ మాట అర్థం కాలేదు. అయ్యగారి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"మరా డోలక్కు కొట్టేదెవడే, దెయ్యమా?" అంది ముసలి మార్తమ్మ. ఎవరో కిసుక్కున నవ్వారు.

నాన్న తలెత్తలేదు. చేతులు డోలక్కు మీదే ఉన్నాయి. ఒక విదేశీ పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ నావైపు చేతులు చాచింది.

అమ్మ చాప మీంచి లేచింది.

"ఏసోబూ... ఇంటికి రారా. అన్నం వేళయింది."

అంతే అంది. నేను దిగి వెళ్ళిపోయాను. నాన్న డోలక్కు భుజాన వేసుకుని మా వెనకే వచ్చాడు.

సాయంత్రం దొరసానమ్మ గారు మా గుమ్మం ముందు నిలబడింది.

"అక్కా, వాళ్ళు తల్లీదండ్రీ లేని పిల్లలకే సాయం చేస్తారు. ఏసోబు చదువు కోసం చెప్పాను. ఒక్క మాటే కదండీ..."

"మీరు మంచాన పడ్డప్పుడు అక్కనేగా? మీవాళ్ళు రాగానే చచ్చిపోయానా అమ్మగారూ?" అంది అమ్మ. "అదీ మా గుళ్ళో, మా జనం ముందర."

నాన్న లేచి గుమ్మం దాకా వచ్చాడు. "ఆడి చదువంటే నాకూ ఆశేనండీ. కానీ ఆడు నాన్నా అని పిలిస్తే ఎనక్కి తిరక్కుండా ఉండటం నావల్ల కాదు."

ఆవిడ ఏడ్చింది. అమ్మ లోపలికి రమ్మనలేదు. మర్నాటి నుంచి బంగళా పొయ్యి వేరొకరు రాజేశారు.

జూన్‌లో పక్క ఊరి పిల్లాడొకడు ఆ హాస్టలుకు వెళ్ళాడు. వాడికీ అమ్మ ఉంది.

నాకు తరవాత చదువు సాగలేదు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ షాపుల బోర్డులు చదివి, పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నవే. దానికి పెద్దగా బాధలేదు. అయ్యగారు పై ఆదివారం నాన్నను ఎప్పటిలాగే డోలక్కుకు పిలిచారు, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. నన్ను ఎత్తుకు తిప్పినవాళ్ళు, నాన్న పక్కన కూర్చుని పాడినవాళ్ళు... వాళ్ళ నోటి నుంచి వచ్చిన ఆ రెండో స్తోత్రం ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు.

ఇప్పుడు మా ఊరి పిల్లలకు ఇంగ్లీషు బాగానే వచ్చు. బయటివాళ్ళు మన గురించి ఏం చెబుతున్నారో అక్కడికక్కడే తెలుసుకుంటారు, నిలదీస్తారు కూడా. మంచిదే... కానీ ఊరూ పేరూ తెలియని మనిషిని అంతగా నమ్మడం కూడా ఆ రోజులతోనే పోయింది. అమ్మ ఆ తరవాత ఎవరు 'అక్కా' అన్నా, "నా పేరు కాంతమ్మండీ," అనేది.

మీ ఇంట్లో మనిషిలా తిరిగి, బయటికెళ్ళి అసలు మీరే లేరని చెప్పినవాళ్ళు మీకూ ఎదురయ్యారా... ఉంటే రెండు ముక్కలు రాయండి. నేనొక్కణ్ణే కాదని అనుకుంటాను.