ముగ్గి, మా వదిన అలక

మొన్న మా కుక్క ముగ్గికి ఏడాదికోసారి వేసే సూది వేయించడానికి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వణికిపోతున్న కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకొని పక్క బెంచీ మీద కూర్చున్న ఒకామె, నా కాళ్ళ దగ్గర బుద్ధిగా పడుకున్న ముగ్గిని చూసి, "ఇంత నెమ్మదిగా ఎట్ల ఉండాదమ్మా? ఏం చేసినారు?" అనడిగింది. "మేమేం చేయలేదు, మా వదిన అలిగింది" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి కొంచెం పక్కకు జరిగింది.

మా ఆయన మంగంపేట గనుల్లో పనిచేసి రిటైరయ్యాక, కల్లూరులో కట్టుకున్న ఇంటికి సామానుతో పాటు ఈ కుక్కనూ తెచ్చాడు. ముగ్గురాయి తవ్వేచోట పుట్టింది కనుక ముగ్గి అయింది. అక్కడి పేలుళ్ళు దాని గుండెలో దూరి కూర్చున్నాయేమో, కుక్కర్ కూసినా, గేటు చప్పుడైనా ఒళ్ళంతా వణికేది. ఆ వణుకులోనే పళ్ళు బయటపెట్టేది. డాక్టరు చెప్పినట్టే హాల్లో మెట్ల కింద గోనెపట్టా పరిచి దానికో చోటు చేశాం. అక్కడుంటే ఎవరూ కదిలించకూడదు. వచ్చినవాళ్ళు దాని కళ్ళలోకి చూడకూడదు, చెయ్యి చాచకూడదు, అదే దగ్గరికి రావాలి. చెప్పడానికేం, చెప్పాడు. మా వీధిలో చూడొద్దంటే ముందు అదే చూస్తారు. "మొరిగే కుక్క కరవదులేమ్మా" అంటూ వంగి మరీ చెయ్యి చాస్తారు. ఆ సామెత ముగ్గికి తెలియదు. గ్యాసు బండ తెచ్చినాయన ప్యాంటు చిరిగింది, అదృష్టం బాగుండి కాలికి తగల్లేదు. ఆ రోజే మా ఆయన తేల్చేశాడు: "వచ్చే వారం రాజంపేట నుంచి అక్క వస్తాండాది. ఆమె మీదికి గానీ దూకిందా, మళ్ళా మంగంపేటకే." అక్కడ దాన్ని చూసేవాళ్ళెవరూ లేరు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

వదిన అరటిగెలతో ఆటో దిగింది. ముగ్గి మెట్ల కింద, తాడు కిటికీ కమ్మీకి. నేను ఆత్రంకొద్దీ, కాళ్ళకు నీళ్ళైనా ఇవ్వకముందే, "వదినా, కుక్క పక్క చూడొద్దు, పలకరించొద్దు" అనేశాను. ఆమె గెల కింద పెట్టింది. "తమ్మునింటికొచ్చి కుక్క చెప్పినట్ల మసులుకోవాల్నా? చూడనులే. దాన్నీ చూడను, నిన్నూ చూడను" అంది. పెళ్ళిలో పెట్టిన చీర నచ్చలేదని ఒక ఇంటివాళ్ళతో రెండేళ్ళు మాట్లాడని మనిషి ఆమె. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ గోడవైపు తిప్పుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని, మూడు రోజులు వేరుశెనక్కాయలు వలిచింది. మొదటిరోజు ముగ్గి గొంతు పోయేదాకా మొరిగింది. ఆమె తల తిప్పితే ఒట్టు. రెండో రోజు అది మొరగడం మానేసి ఆమె వీపునే చూస్తూ పడుకుంది. మూడో రోజు మధ్యాహ్నం తాడు విప్పి కొస నా చేతిలో బిగించి పట్టుకున్నాను. ముగ్గి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, వదిన చీర అంచు వాసన చూసింది. మా ఆయన టీ గ్లాసుతో అట్లే నిలబడిపోయాడు.

వదిన గోడకేసి చూస్తూనే నన్ను పిలిచింది. "ఏమే, ఇది నా కాలి మీద తల పెట్టుకోనుండాది. ఇప్పుడేం చేయాల?"

"ఏం చేయొద్దు వదినా. అట్లే ఉండు."

"అదే గదా మూడు దినాల నుంచి చేస్తాండా."

మా ఆయన మంగంపేట మాట మళ్ళీ ఎత్తలేదు. నాలుగు రోజులకని వచ్చిన వదిన నెలాఖరు దాకా ఉండి, వచ్చినవాళ్ళనల్లా "ఏమప్పా, చూడొద్దంటే అర్థం గాదా?" అని గదమాయించింది. నాకు ఆ మధ్యాహ్నమే ఎక్కువ గుర్తు. పెళ్ళైన నాటి నుంచి ఆమె ముందు కూర్చోవాలంటే బెదురే నాకు. ఏదో ఒకటి మాట్లాడి మెప్పించాలని చూసేదాన్ని, ప్రతిసారీ బెడిసికొట్టేది. ఆ రోజు తాడు పట్టుకొని ఊరికే ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమె చాట నా వైపు జరిపింది, నేనూ కాయలు వలిచాను. ఆమె దగ్గరికి చేరడానికి ముగ్గికి మూడు రోజులు పట్టింది, నాకు ముప్పై ఏళ్ళు.