మంగళం పాడని పాట

ఎమ్మిగనూరు బస్టాండు బయట సాయంత్రంపూట బుడ్డలు వేయించే బండి ఒకటి నిలబడుతుంది. వేరుశెనగను మా వైపు బుడ్డలంటారు. ఇసుకలో వేగుతున్న ఆ కాయల వాసన వస్తే అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం గుండెల్లో దడ మొదలవుతుంది. మొన్నా అంతే. ఆదోని బస్సు కోసం నిలబడి ఉన్నదాన్ని, ఆ వాసన తగలగానే పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను. పొట్లాలు కట్టే అమ్మాయి పరుగున వచ్చి "ఏమైందవ్వా, నీళ్లు కావల్నా?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ వాసన వెనక ఒక పాట ఉందని, ఆ పాట కట్టిన మనిషి పోయి చాలా కాలమైందని చెబితే ఆ పిల్లకేం అర్థమవుతుంది? ఆయన్ను చూడనివాళ్ల కోసం, కాస్త తీరిగ్గా, ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు ఈరన్న. ఆదోనిలో మాకు ఎదురిల్లు. వరసకు ఏమీ కాకపోయినా పెదనాయన అని పిలిచేదాన్ని. పగలు పత్తి మార్కెట్టులో పని, పొద్దు గూకితే పాట. వయసులో ఉన్నప్పుడు పల్లెపల్లె తిరిగి చెక్కభజన నేర్పేవాడట. నాకు ఊహ తెలిసేసరికి భజనలు తగ్గి, జనానికి సినిమా పాటల మీద మోజు పెరిగింది. ఆయన కూడా కాలంతోపాటు చెక్కలు పక్కన పెట్టి ఆర్కెస్ట్రా పెట్టాడు. పెళ్లిళ్లలో, జాతరల్లో హార్మోనియం ముందు ఆయన, తబలా, బుల్‌బుల్ వాయించేవాళ్లు అటూ ఇటూ. ఆడగొంతుకు మనిషి దొరక్క వెతుకుతూ, మా ఇంట్లో బియ్యం ఏరుతూ కూనిరాగం తీస్తున్న నన్ను పట్టుకున్నాడు. పెళ్లి కావలసిన పిల్ల స్టేజి ఎక్కడమేమిటని మా అమ్మ ససేమిరా అంది. ఆమెను ఎలా ఒప్పించాడో ఇప్పటికీ తెలియదు. మొదటిరోజు మైకు ముందు నిలబడితే నాలుక పిడచకట్టుకుపోయింది. "పెద్నాయనా, బయమైతాంది" అన్నాను. "నాకూ అయితాంది. ఇద్దరమూ కలిసి బయపడదాంలే, నువ్వు ఎత్తుకో" అన్నాడు. నాకు ధైర్యం చెప్పినవాళ్లు తర్వాత చాలామంది దొరికారు. వాళ్లెవరి మాటకూ నా గొంతు పెగల్లేదు.

భయం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. ఉరిమితే రేడియో ఆపేసి మూలకు చేరేవాడు. "అందరి మొగుళ్లూ ఇంట్లో పులి, బయట పిల్లి. మా ఆయప్పది తిరగబడినాది" అని మా పెద్దమ్మ, అంటే ఆయన భార్య, మమ్మల్ని కూర్చోబెట్టి మరీ నవ్వించేది. అయితే ఎనభైల మొదట్లో ఆయన భయం నవ్వులాటను దాటిపోయింది. పెద్ద దేశాలు ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్నాయని రోజూ రేడియోలో చెప్పేవాళ్లు. వార్తల వేళకు ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. "ఎవడో ఒగడు నిద్రమత్తులో మీట నొక్కినాడనుకో?" అని కంచం ముందు కూర్చుని అడిగేవాడు. "నొక్కితే ఆదోని మీద ఏసేకి ఈడ ఏముందప్పా, పత్తి గింజలు తప్ప? తిను" అనేది పెద్దమ్మ. ఆయనకు మాత్రం ముద్ద దిగేది కాదు.

ఒకరోజు సాధన కోసం వెళితే ఏదో వారపత్రిక తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. అందులో జపాను దేశపు ఊరి బొమ్మ ఒకటి ఉంది. రాతి మెట్లు, మెట్టు మీద నల్లని మరక. అది మనిషి నీడట. బాంబు పడినప్పుడు మనిషి పోయాడు, నీడ మాత్రం రాతికి అంటుకుని మిగిలింది. "చూడు సరోజా" అన్నాడు. "యాడికో పోతా పోతా, రోంతసేపు కూసుందామని కూసున్నట్టుండాడు. ఆ పొద్దు పని ఏముండెనో ఏమో." ఆ మాట అంటూంటే ఆయన వేలు ఆ మరక మీద ఆడుతోంది. ఆ వారంలోనే పాట కట్టాడు. పీర్ల పండగలో ఏడుస్తూ పాడే పాటల బాణీ తీసుకుని, దానికి కాస్త తబలా దరువు జోడించాడు.

"నీడుంది మెట్టు మీద, నీడ గల మనిషేడమ్మా,
కూడుంది కుండలోన, కూడు తిను బిడ్డేడమ్మా,
తెల్లారునంటివే తల్లీ, పొద్దేడి, పొద్దేడమ్మా."

ఎమ్మిగనూరు జాతరలో మొదటిసారి పాడాం. సినిమా పాటలకు ఈలలు వేసిన జనం ఈ పాటకు చప్పుడు చేయకుండా నిలబడ్డారు. చిత్రమేమిటంటే, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా అదే అడిగేవాళ్లు. ఎవరో టేపురికార్డరులో పట్టుకున్నారు. టీ అంగళ్లలో, లారీల్లో నా గొంతే వినబడేది. మిల్లు పని నుంచి వచ్చేవాళ్లు "పొద్దేడమ్మా" అని పాడుకుంటూ పోయేవాళ్లు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ పాట గుర్తొస్తే వీధిలో పిల్లలు ఆడుతున్నారో లేదో ఒకసారి తొంగి చూసి వచ్చేదాన్ని.

ఇక్కడ మా భజనల కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఏ పాట పాడినా, ఏ కథ చెప్పినా, చివర మంగళం పాడి, విన్నవాళ్లను చల్లగా ఉండమని దీవించి లేవాలి. రామాయణం పాడుతూ లక్ష్మణుడు మూర్ఛపోయిన చోట ఆపామంటే ఊరికి అరిష్టం. వాన వచ్చినా, వడగళ్లు పడినా, హనుమంతుడు సంజీవి తెచ్చి లక్ష్మణుణ్ని లేపి కూర్చోబెట్టేదాకా చెక్కలు కింద పెట్టకూడదు. ఈ సంగతి నాకు నేర్పింది పెదనాయనే. అలాంటి మనిషి బాంబు పాటను కచేరీ చివర పెట్టి, "పొద్దేడమ్మా" దగ్గర హార్మోనియం మూసేసి లేచిపోయేవాడు. మంగళం లేదు. నాకు మనసొప్పక అడిగాను. "దీనికేమని పాడేది మంగళం?" అన్నాడు. "లచ్చుమన్నకైతే సంజీవి ఉండె. దీనికి ఏ కొండ మీద ఉండాదో సెప్పు, పాడతా."

ఆ ఎండాకాలం హాలహర్వి అవతల ఒక పల్లెలో పెళ్లికి పాడి వచ్చాం. తర్వాత కొద్దిరోజులకు తొలివాన పడింది. వాన పడిన మర్నాడు, పెదనాయన ఇంట్లో మేం సాధన చేస్తుంటే, మోకాళ్ల దాకా ఎర్రమట్టి కొట్టుకున్న ఒకామె వచ్చి గడప దగ్గర కూర్చుంది. పేరు హుసేనమ్మ అని చెప్పింది. ఆ పెళ్లి జరిగిన ఊరే. పెద్దమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, పెదనాయన వైపు తిరిగింది.

"సామీ, ఆ పొద్దు నువ్వు మంగళం పాడకుండా లేసిపోతివి. ఎందుకు పాడలేదని మా ఇంటాయప్ప నాగప్ప అప్పుటినుంచీ ఒగటే సింత. పాడేటోళ్లకు తెలిసే పాడలేదు, ఇంగ తెల్లారేది లేదు అంటాడు. పోయిన వారం ఇత్తనం బుడ్డలు ఏయించి వీదిలో పిల్లోళ్లకంతా పంచినాడు. ఎట్లాగూ సచ్చేదానికి ఇత్తేది ఎందుకు, పిల్లోళ్ల నోట్లోకన్నా పోనీ అన్నాడు. నేను కాళ్లు పట్టుకుంటే సగం ఆపినాడు." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "వాన పడినాది. నేల పదును నాలుగు దినాలు ఉంటాది. ఇత్తే గొర్రు కట్టమంటే కదలడు. నీ పాట నిజమా సామీ? నిజమైతే సెప్పు, మిగిలిన సగమూ ఏయించుకుంటాము. అబద్దమైతే నువ్వొచ్చి ఆయప్పకు సెప్పు, ఇత్తుకుంటాము."

విత్తనం వేయించుకోవడమంటే ఏమిటో మెట్టసేద్యం ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆకలికి చస్తున్నా ముట్టని మూట అది. పెదనాయన నిజమని ఎలా అంటాడు? అబద్ధమని మాత్రం ఎలా అంటాడు, ముందురోజు రేడియో విన్నవాడు? చాలాసేపు హార్మోనియం మెట్ల మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా కూర్చున్నాడు. "ఊరికే పోయి అబద్దమని సెప్పి రా, నీ సొమ్మేం పోతాది" అంది పెద్దమ్మ. "నాకే నమ్మకం లేదు కదనే. నమ్మకం లేని మాట నా మొగంలో కనపడతాది, ఆయప్ప పట్టుకుంటాడు" అన్నాడు. అంటూనే లేచి, హార్మోనియాన్ని బట్టలో చుట్టాడు. మేమంతా హుసేనమ్మతోపాటే బస్సెక్కాం. ఏం పాడబోతున్నాడో, నాగప్పకు ఏం చెప్పబోతున్నాడో మాకెవరికీ తెలియదు.

నాగప్ప ఇంటి ముందరే చాపలు పరిచాం. ఊరు ఊరంతా వచ్చింది. నాగప్ప మాత్రం తలవంచుకుని తన అరుగు మీద కూర్చున్నాడు. బక్కపలచని మనిషి, గడ్డం మాసి ఉంది. పెదనాయన లేచి నిలబడి చేతులు జోడించాడు. "ఆ పొద్దు మంగళం పాడకుండా పోయినాను. కట్టు తప్పినాను. ఈ పొద్దు నేను మంగళం పాడేదాకా ఎవురూ లేసేకి లేదు" అన్నాడు. అని, మొట్టమొదటే బాంబు పాట ఎత్తుకున్నాడు. ఒక్క మాట మార్చలేదు. పాట అయిపోయింది. ఇక మంగళం అందుకుంటాడని అందరం చూస్తున్నాం. అందుకోలేదు. ఇంకో పాట మొదలుపెట్టాడు. అది అయ్యాక మరొకటి. భజనలు, సినిమా పాటలు, జోలపాటలు, చివరికి ఆడవాళ్లను బతిమాలి నాట్ల పాటలు, కలుపు పాటలు పాడించాడు. పిల్లలు ఒళ్లలోనే నిద్రపోయారు. మంగళం కాలేదు కాబట్టి పెద్దవాళ్లు ఎవరూ లేవలేదు. నాగప్ప కూడా. మా పెదనాయన ఎందుకిలా సాగదీస్తున్నాడో నాకు తెల్లవారుజామున గాని తట్టలేదు. పాడుతూ పాడుతూ మాటిమాటికీ తూర్పు వైపు చూస్తున్నాడు.

మొదట చింతచెట్ల వెనక బూడిదరంగు వచ్చింది, తర్వాత ఎరుపు. పొద్దు పైకి రాగానే ఆయన పాట మధ్యలో ఆపేశాడు. గొంతు పూర్తిగా పోయింది.

"నాగప్పా, పొద్దు పొడిసినాది. నా పాట ఈ పొద్దుకు అబద్దమైనాది."

నాగప్ప తలెత్తి తూర్పుకేసి చూశాడు. "మల్ల రేపటికి?" అన్నాడు.

"రేపటిది నాకు తెల్దు నాయనా. తెలుసునంటే నువ్వు నమ్మేది గూడా లేదు. రేపటిదాకా కూసుంటామంటే కూసుంటాను. కాకుంటే నీ పదును పోతాది."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాగప్ప నవ్వలేదు. లేచి పంచె బిగించుకున్నాడు. కొట్టంలోకి వెళ్లి ఎద్దుల్ని విప్పాడు. హుసేనమ్మ మిగిలిన సగం విత్తనం మూట నెత్తికెత్తుకుంది. మేమంతా వాళ్ల వెనకే చేను దాకా నడిచాం. గొర్రు మట్టిలోకి దిగి, ఆమె చేతిలోంచి మొదటి గింజలు జారాక, ఆ గట్టు మీద నిలబడి పెదనాయన మంగళం పాడాడు. గొంతు లేదు. ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. అంతకన్నా గొప్పగా ఎవరైనా పాడగా నేను వినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని, ఎవరికీ వినబడకుండా అన్నాడు: "రాత్రంతా నాకు గుండెకాయ అరచేతిలో ఉన్నట్టుండె సరోజా. పొద్దు రాకుంటే ఏం సెప్పాలప్పా అని." నవ్వు వచ్చింది నాకు, ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. ఆయన వేళాకోళానికి అనలేదు.

ఆ ఏడు నాగప్పకు పెద్దగా పండలేదని, మరుసటి ఏడు విత్తనానికి మాత్రం సరిపోయిందని విన్నాం. పెదనాయన ఆ పాటను మానలేదు, మాటలూ మెత్తబరచలేదు. కచేరీ చివర కాకుండా మధ్యలో పెట్టి, మంగళం మాత్రం ఎంత ఆలస్యమైనా పాడి లేచేవాడు. తర్వాత నాకు ఎమ్మిగనూరులో పెళ్లయింది, స్టేజి వదిలింది. ఆయన పోయాడని తెలిసి నేను వెళ్లేసరికి హార్మోనియాన్ని ఎవరో తీసుకుపోయారు. భయపడ్డవాణ్ని ఎగతాళి చేయకూడదని, నమ్మకం లేని ధైర్యం చెప్పకూడదని ఆయన ఏనాడూ నాకు నోటితో చెప్పలేదు. ఆయన్ను చూసి నేర్చుకున్నాను.

ఈమధ్య మా మనవరాలు ఫోనులో ఏవో యుద్ధం బొమ్మలు చూసింది. ఎక్కడో దేశం, కూలిన ఇళ్లు. పడుకోబోయే ముందు వచ్చి నా కొంగు పట్టుకుంది. "అవ్వా, మనమీద గూడా బాంబు ఏస్తారా?" వాళ్లమ్మ లోపల్నుంచి "అట్లాంటిదేం లేదు, పండుకో" అని కేకేసింది. పిల్ల ఆ మాట నమ్మలేదు. నాకూ లోపల దడగానే ఉంది. ఈ వయసులో కూడా ఆ దడ పోలేదు, పోతుందని ఇక ఆశా లేదు. "నాకు తెల్దమ్మా" అన్నాను. "దా, తెల్లారేదాకా ఇద్దరమూ కూసుందాం." వాకిలి తెరిచి, తూర్పు కనబడేలా చాప వేశాను. నాలుగు పాటలు పాడేసరికి పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది. నేను మాత్రం లేవలేదు.