పై పళ్ళు ముందొచ్చిన పిల్ల

మా అమ్మాయికి కింది పళ్ళకంటే పై పళ్ళు ముందొచ్చాయి. అలా వస్తే మేనమామకు గండమని మావైపు నమ్మకం. నాకున్నది ఒక్కడే తమ్ముడు. పిల్లను చూసుకోవడానికి తణుకు నుంచి మా ఇంటికి వచ్చిన అమ్మ, శాంతి చేయించేదాకా వాడు పిల్ల మొహం చూడకూడదని పట్టుబట్టింది. నేను ఎమ్మెస్సీ చదివి, కూకట్‌పల్లిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. అవతల మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం అద్దాల మేడ లేస్తుంటే ఇంకా ఈ గండాల గోలేమిటని ఇల్లు పీకి పందిరేశాను. నా మాటే నెగ్గింది. అక్కణ్ణుంచి అమ్మ ఆ పళ్ళ ఊసెత్తితే చాలు, కస్సుమనేదాన్ని.

పిల్లకు ఏడాది నిండిన కొత్తలో, అమ్మ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పై పెదవి ఎత్తి చూసింది.

"చిగుళ్ళ దగ్గర సున్నం గీసినట్టు తెల్లగా ఉందే. ఓసారి ఇటొచ్చి చూడు."

"మళ్ళీ మొదలెట్టావా? నీ కొడుక్కేం కాదులే."

"వాడి సంగతి కాదే..."

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టేసుకున్నాను. ఆ గీత పసుపుపచ్చబడింది, తర్వాత గోధుమరంగుకు తిరిగింది. అమ్మ చెప్పబోయినప్పుడల్లా, పాలపళ్ళు ఎలాగూ ఊడేవేగా అని నోరు మూయించాను. రెండున్నరేళ్ళు వచ్చేసరికి పై నాలుగు పళ్ళూ నల్లబడి, అంచులు పెళ్ళలుగా రాలాయి. బిస్కెట్ కొరకబోయి పిల్ల గుక్కపట్టి ఏడ్చిన రోజున ముగ్గురం ఆటో ఎక్కి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ ఇక్కడి మనిషే. లైటు వేసి పిల్ల నోట్లోకి చూసింది.

"కింది పళ్ళు మంచిగున్నయి. పైనయే ఖరాబైనయి. సీసా నోట్లె పెట్టుకొనే పండుకుంటదా?"

అవునన్నాను. నిద్రలో పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయట. కింది పళ్ళను నాలుక కాపాడుతుందట. తెల్లగీత కనిపించినప్పుడే తెస్తే ఆపేదాన్నంది. ఇప్పుడు రెండు తీసెయ్యాలి, కొత్తవి ఏడేళ్ళ వయసుకు గానీ రావు.

"రాత్రి సీసా ఎవరిస్తరు?"

ఇచ్చేది నేను. అమ్మ పగలంతా గ్లాసుతోనే తాగించేది. మర్నాటి పాఠం చూసుకోవాలి, పిల్ల త్వరగా పడుకోవాలి అని పంచదార దండిగా కలిపి సీసా నోటికందించింది నేను.

"నేనేనండి," అంది అమ్మ.

"పెద్దమనిషివి, గింత తెల్వదా అమ్మా? చక్కెర గూడ వేస్తవా?"

"తెలీక వేశానండి."

నేను నోరు తెరవబోతే అమ్మ నా మోచెయ్యి నొక్కింది. అంతమాత్రానికే ఆగిపోయాను. బస్సు కండక్టరు నుంచి కాలేజీ ప్రిన్సిపాలు దాకా ఎవరినీ వదలకుండా వాదించిన దాన్ని, బల్లమీది దూది డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ అమ్మను ఇంకా చాలాసేపు చీవాట్లు పెట్టింది. అమ్మ తలూపుతూ విన్నది.

సాయంత్రం మా ఆయనకు కూడా అమ్మ అదే చెప్పింది.

"మనవరాలంటే మీకు మరీ ఇంత తీపా అత్తయ్యగారూ," అని ఆయన వేళాకోళమాడారు.

అమ్మ నవ్వేసి వంటింట్లోకి వెళ్ళింది. ఆయనతోపాటు నేనూ నవ్వాను.